మెక్‌వారియర్ 5: జాయ్‌స్టిక్ వదిలేసినా టోర్సో కుడికి జరుగుతోంది, సరిచేయడం ఎలా?

గేమ్ మెక్‌వారియర్ 5 మెర్సినరీస్ (మెక్ అనే భారీ నడిచే యుద్ధయంత్రాన్ని నడిపే గేమ్; టోర్సో అంటే మెక్ నడుము పై భాగం), విండోస్ 10, స్టీమ్ వెర్షన్. మౌస్‌తో గురి చక్కగా కుదురుతోంది, చెయ్యి ఆపిన చోటే రెటికిల్ (గురి గుర్తు) ఆగుతుంది. జాయ్‌స్టిక్‌తో అలా కాదు. స్టిక్ ఎంత వంచితే టోర్సో అంత వేగంగా తిరుగుతుంది కాబట్టి, సెంటర్‌లో చిన్న తేడా ఉన్నా అది తిరుగుతూనే ఉంటుంది. నాకు స్టిక్ వదిలేశాక మూడు నాలుగు సెకన్లలో రెటికిల్ అవతలి మెక్ ఛాతీ మీంచి భుజం దాకా జరిగిపోతోంది. లేజర్ కాలుతున్నంత సేపూ ఒకే భాగం మీద నిలపాలి కదా, అక్కడే నాకు ఇబ్బంది అవుతోంది.

ఇప్పటిదాకా చేసినవి: విండోస్‌లో మళ్లీ కాలిబ్రేట్ చేశాను, అక్కడ గుర్తు సరిగ్గా మధ్యలోనే ఉంది. స్టీమ్ ఇన్‌పుట్ (కంట్రోలర్ సంకేతాలను స్టీమ్ మార్చి పంపే సదుపాయం) ఆపేశాను. జాయ్‌స్టిక్‌లోని ఏ కదలిక గేమ్‌లో దేనికి అని రాసే హోటాస్‌మ్యాపింగ్స్ రీమ్యాప్ ఫైల్‌లో విఐడి, పిఐడి (పరికరాన్ని గుర్తించే తయారీదారు, మోడల్ నంబర్లు) సరిపోయాయి, బటన్లన్నీ పనిచేస్తున్నాయి. టోర్సోను పక్కకు తిప్పే యాక్సిస్‌కు ఆఫ్‌సెట్ (సెంటర్‌ను సున్నాకు తెచ్చే సవరణ) -0.5, డెడ్‌జోన్ (సెంటర్ చుట్టూ స్టిక్ కదలికను పట్టించుకోని మేర) -0.05 నుంచి 0.05. ఆఫ్‌సెట్ -0.48 చేసినా జరగడం ఆగలేదు. డెడ్‌జోన్ 0.12కి పెంచితే జరగడం పూర్తిగా ఆగింది, కానీ సన్నటి సవరణ పోయింది: స్టిక్ కాస్త కదిపితే ఏమీ ఉండదు, ఇంకాస్త కదిపితే ఒక్కసారిగా గెంతుతుంది. అదే ఫైల్‌లోని మ్యాప్‌టుడెడ్‌జోన్ అనే సెట్టింగ్‌కు ట్రూ, ఫాల్స్ రెండూ పెట్టి చూశాను, చేతికి తేడా తెలియలేదు.

ఎడమ చేత్తో థ్రాటిల్ (వేగం పెంచే, తగ్గించే లివర్), కుడి చేత్తో మౌస్ అనే దారి ఉందని తెలుసు, కానీ గురి కూడా స్టిక్‌తోనే కావాలి. డెడ్‌జోన్ 0.05 దగ్గరే ఉంచి ఈ జరుగుడు ఆపాలంటే రీమ్యాప్ ఫైల్‌లోనే ఏ విలువ మార్చాలి, లేక వీజాయ్ (నకిలీ జాయ్‌స్టిక్‌ను సృష్టించే డ్రైవర్), జాయ్‌స్టిక్ గ్రెమ్లిన్ (స్టిక్ సంకేతాలను మార్చి దానికి పంపే ప్రోగ్రామ్)తో కర్వ్ పెట్టడం, అంటే సెంటర్ దగ్గర స్పందన తగ్గించడం, తప్పదా?