అప్‌డేట్: గ్రాండ్ కాన్యన్ టైల్ చిత్రంపై తెల్లటి పొరకు కారణం తెలిసింది

మా గోడపై 24 సెరామిక్ టైల్స్‌తో కూర్చిన, అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయ చిత్రంలో, కొలరాడో నది పక్కనున్న ఎర్రటి కొండచరియలు తెల్లబారుతున్నాయని, ఎండకు రంగు వెలిసిపోతోందేమోనని నాలుగు నెలల క్రితం అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

తడిగుడ్డతో తుడిచి చూడమన్న సలహాయే దారి చూపింది. తడి ఉన్నంతసేపు మాయమైన తెలుపు, ఆరగానే టైల్స్ అతుకుల వెంట సన్నటి పిండిలా మళ్లీ కనిపించింది. అంటే రంగు పోవడం కాదు, ఉప్పు పేరుకోవడం. టైల్స్ మేస్త్రి వచ్చి పరిశీలించి, పైనున్న కిటికీ చట్రం చుట్టూ నీరు దిగకుండా సందులు మూసే సీలెంట్ పగిలిందని, అందులోంచి దిగిన వాన నీరు సిమెంటులోని లవణాలను కరిగించి, టైల్స్ అతుకుల్లో నింపే గ్రౌట్ గుండా బయటికి తెచ్చి, ఆవిరైపోతూ వాటిని అక్కడే వదిలేస్తోందని చూపించారు. అసలు ఆ లోయలో రెడ్‌వాల్ అనే ఎర్రటి చరియలోని సున్నపురాయి నిజానికి బూడిదరంగుదే. పై పొరల నుంచి నీటితో దిగిన ఐరన్ ఆక్సైడ్ వల్లే అది ఎర్రబడింది. చిత్రంలోని అదే చరియ మీద మరో నీటి మరకను చూడడం నన్ను కదిలించింది.

పాత సీలెంట్ గీకించి కొత్త సిలికాన్ వేయించాను. గోడను ఆరు వారాలు ఆరనిచ్చి, మెత్తటి పొడి బ్రష్‌తో ఆ పిండిని దులిపాను. తర్వాత రెండు పెద్ద వానలు పడినా తెలుపు తిరిగి రాలేదు.

ఎండ గురించిన నా భయం అనవసరమైనది. టైల్ మీది గాజులాంటి పూత అయిన గ్లేజ్‌తో కలిపి కాల్చిన ఖనిజ రంగులు ఎండకు వెలవవు. సీలర్ పూత వేయమన్న సలహాను మాత్రం పాటించలేదు, ఎందుకంటే గోడ ఆరకముందే వేస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. వెనిగర్ కూడా వాడలేదు, అది గ్రౌట్‌ను తినేస్తుంది. నది మలుపు దగ్గర ఒక టైల్ అంచున ఊడిన గ్రౌట్‌ను మేస్త్రి వచ్చే వారం నింపుతారు.