కొత్తగా ఎడిసన్ వచ్చాం, న్యూయార్క్‌లో ఇద్దరికీ ఒక వీకెండ్: సలహా కావాలి

అందరికీ నమస్కారం. మేం న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చి ఏడు వారాలైంది. మే నెలలో పెళ్ళయింది. మా ఆవిడ హెచ్4 మీద (నా ఉద్యోగ వీసాతో భార్యకిచ్చే వీసా) వచ్చింది. కరీంనగర్‌లో బ్యాంకు ఉద్యోగం చేసిన మనిషి, ఇక్కడ ఇంకా డ్రైవింగ్ రాదు, నేను ఆఫీసుకెళ్తే రోజంతా అపార్ట్‌మెంట్‌లోనే. ఇప్పటిదాకా తను చూసిందల్లా మన ఇండియన్ షాపులుండే ఓక్‌ట్రీ రోడ్డు, కాస్ట్‌కో స్టోరు. అక్టోబర్‌లో ఒక శని, ఆదివారాలు న్యూయార్క్ తీసుకెళ్దామనుకుంటున్నా. లిబర్టీ విగ్రహం, ఎంపైర్ స్టేట్, టైమ్స్ స్క్వేర్, సెంట్రల్ పార్క్, బ్రూక్లిన్ బ్రిడ్జ్, వాల్ స్ట్రీట్ ఎద్దు బొమ్మ, ఒక మ్యూజియం, ఇదీ నా లిస్టు. కారులో వెళ్ళాలా, రైల్లోనా? తను పూర్తి శాకాహారి. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

జవాబు (ఐసెలిన్ నుంచి)

తమ్ముడూ, కారు ఊసే వద్దు. నది కింది టన్నెల్ ముందు గంట పోతుంది, పార్కింగ్‌కి పెట్టే డబ్బుతో ఇద్దరూ కడుపునిండా తినొచ్చు. పైగా 2025 జనవరి నుంచి న్యూయార్క్ నడిబొడ్డు మన్‌హాటన్‌లో 60వ వీధికి దిగువన కారు తిప్పితే వేరే టోలు పడుతుంది. మెట్రోపార్క్‌లో రైలెక్కండి, ఎడిసన్ స్టేషన్ కంటే అక్కడ ఎక్కువ రైళ్ళు ఆగుతాయి. టికెట్ ముందే ఫోన్‌లో కొనుక్కో, రైలెక్కాక కండక్టర్ దగ్గర కొంటే 5 డాలర్లు ఎక్కువ గుంజుతారు. తిరిగొచ్చేటప్పుడు, న్యూయార్క్‌లో మన రైళ్ళు ఆగే పెన్ స్టేషన్‌లో కంగారు పడొద్దు. బోర్డు మీద ప్లాట్‌ఫారం నంబరు చివరి పది నిమిషాల్లోనే పడుతుంది, పడగానే జనమంతా ఒక్కసారి మెట్లవైపు ఉరుకుతారు. ఆ అమ్మాయికి ముందే చెప్పి ఉంచు, చెయ్యి వదలకు.

ఇక నీ లిస్టు. 2009లో నేనూ హెచ్4 మీదే వచ్చాను. మా ఆయన కూడా ఇలాగే ఒక్కరోజుకి ఏడు చోట్లు రాసుకొచ్చారు. నేను పెళ్ళికి కొన్న చెప్పులేసుకెళ్ళాను. మధ్యాహ్నానికే మడమలు ఒలిచుకుపోయాయి. ఎంపైర్ స్టేట్ క్యూలో నిలబడి ఏడ్చేశాను. పైకెక్కి ఏం చూశానో ఇవాళ్టికీ గుర్తు లేదు. గుర్తున్నదల్లా పొద్దున ఫెర్రీ రెయిలింగ్ పట్టుకుని నిలబడటం, ఇండియా నుంచి వచ్చాక మొదటిసారి గుండెనిండా గాలి పీల్చుకున్నట్టు అనిపించడం. అందుకే చెబుతున్నా, రోజుకి రెండంటే రెండే పెట్టుకోండి. ఆ రెండూ తననే ఎంచుకోమను. వారమంతా నువ్వు నలుగురితో మాట్లాడి ఇంటికొస్తావు. తనకి ఆ రెండు రోజులే బయటి ప్రపంచం.

ఫెర్రీ అంటే స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ, ఆ నారింజరంగు పెద్ద ఓడలు. పూర్తిగా ఉచితం, రాత్రీ పగలూ నడుస్తాయి. పెన్ స్టేషన్ దగ్గర 1 నంబరు సబ్‌వే ఎక్కితే చివరి స్టాపు సౌత్ ఫెర్రీ, పైకి రాగానే టెర్మినల్. బయట మెడలో ఐడీ కార్డు వేసుకుని ఫెర్రీ టికెట్లంటూ అమ్మేవాళ్ళుంటారు, మేము మొదటిసారి ఇద్దరికీ కొని మోసపోయాం. ఎవరికీ పైసా ఇవ్వొద్దు. వెళ్ళేటప్పుడు కుడివైపు డెక్‌లో నిలబడితే విగ్రహం బాగా కనిపిస్తుంది. 25 నిమిషాల ప్రయాణం. అవతలి ఒడ్డున అందరూ దిగి, మళ్ళీ లోపలికి వచ్చి ఎక్కాలి. విగ్రహం ఉన్న ద్వీపం మీదే దిగి దాని దగ్గరికి వెళ్ళాలనుంటే అది ఇంకో రోజు పని, అప్పుడు మన జెర్సీ వైపు లిబర్టీ స్టేట్ పార్క్ నుంచే పడవెక్కండి.

జవాబు (క్వీన్స్ నుంచి)

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నాదొక మాట. రాత్రికి ఇంటికి పరిగెత్తకండి, లాంగ్ ఐలాండ్ సిటీలో ఒక్క రాత్రి ఉండండి. పేరు చూసి దూరమనుకోవద్దు. 7 నంబరు ట్రైన్‌లో గ్రాండ్ సెంట్రల్ తర్వాత నది దాటగానే మొదటి స్టాపు. హోటళ్ళు మన్‌హాటన్ కంటే తక్కువకి దొరుకుతాయి. బుక్ చేసేటప్పుడు టాక్సులన్నీ కలిపిన మొత్తం చూసుకోండి. తనకింకా ఇక్కడి ఐడీ రాకపోతే పాస్‌పోర్టు మర్చిపోవద్దు.

రాత్రి భోంచేసి గాంట్రీ ప్లాజా పార్కుకి నడవండి. నది ఒడ్డున బెంచీలు, ఎదురుగా మన్‌హాటన్ దీపాలన్నీ నీళ్ళలో. ఎంపైర్ స్టేట్ మీదికెక్కితే ఎంపైర్ స్టేట్ కనబడదు కదా, ఇక్కడ కూర్చుంటే కనబడుతుంది, అదీ ఖర్చు లేకుండా. మా పెద్దబ్బాయి కడుపులో ఉండగా మేమిద్దరం ప్రతి శనివారం అక్కడే కూర్చునేవాళ్ళం.

ఆదివారం పొద్దున అదే 7 ట్రైన్‌లో చివరి స్టాపు ఫ్లషింగ్ దాకా వెళ్ళండి. క్వీన్స్‌లో ట్రైన్ చాలా దూరం పైన వంతెన మీదే వెళ్తుంది, కిటికీ సీటు తనకివ్వండి. అక్కడి నుంచి ఇరవై నిమిషాల నడకలో బౌన్ స్ట్రీట్‌లో గణపతి గుడి. 1977లో ప్రతిష్ఠ అయిన గుడి, అమెరికాలో మనవాళ్ళు కట్టుకున్న తొలి గుళ్ళలో ఒకటి. దర్శనమయ్యాక కింది అంతస్తులో క్యాంటీన్ ఉంది. దోసె కాలుతుంటే వచ్చే నేతి వాసన మెట్ల దగ్గరికే తగులుతుంది. మా ఆవిడ మొదటిసారి ఆ ఫిల్టర్ కాఫీ తాగి చాలాసేపు ఏం మాట్లాడలేదు. శాకాహారం బెంగ అక్కడితో తీరిపోతుంది. మధ్యాహ్నం రద్దీ, పది లోపు చేరుకోండి.

శని, ఆదివారాల్లో సబ్‌వేకి రిపేర్లు పెట్టుకుంటారు, ట్రైన్లు దారి మారతాయి. బయల్దేరే ముందు ఫోన్‌లో సబ్‌వే యాప్ చూసుకోండి. టికెట్ కొనక్కర్లేదు, గేటు దగ్గర చెరో ట్యాప్ చేసే బ్యాంకు కార్డు తాకిస్తే చాలు.

జవాబు (జెర్సీ సిటీ నుంచి)

బ్రూక్లిన్ బ్రిడ్జ్ మాత్రం వదలొద్దని నా మనవి. శనివారం ఫెర్రీ దిగాక ఫుల్టన్ స్ట్రీట్‌లో ఏ ట్రైన్ గానీ సీ ట్రైన్ గానీ ఎక్కి ఒక్క స్టాపు, హై స్ట్రీట్‌లో దిగండి. సాయంత్రం బ్రూక్లిన్ వైపు నుంచి మన్‌హాటన్‌కి నడిస్తే ఊరంతా ఎదురుగా ఉంటుంది. మధ్యలో ఆగి ఈ కథ చెప్పండి. వంతెన రూపకర్త జాన్ రోబ్లింగ్ 1869లోనే పోయాడు. పని అందుకున్న కొడుకు వాషింగ్టన్, నది అడుగున పునాదులు తవ్విస్తూ జబ్బున పడి మంచానికే పరిమితమయ్యాడు. భార్య ఎమిలీ ఆ ఇంజనీరింగ్ లెక్కలన్నీ తానే నేర్చుకుని, ఆయన మాట పనివాళ్ళకీ, అక్కడి సంగతి ఆయనకీ చేరవేస్తూ ఏళ్ళ తరబడి పని నడిపించింది. 1883లో వంతెన పూర్తయింది. ఆమె పేరుతో టవరు మీద ఫలకం ఉంది, వెతికి ఇద్దరూ చదవండి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ చేతులెత్తి మొక్కుతున్నా. ఇదంతా తనకి చదివి వినిపించాను. ఎద్దునీ మ్యూజియంనీ తనే కొట్టేసింది. శనివారం ఫెర్రీ, వంతెన. ఆదివారం గుడి, వీలుంటే సెంట్రల్ పార్క్. హోటల్ తనే వెతుకుతోంది. ఇక్కడికొచ్చాక తను ఇంత హుషారుగా ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం ఇదే మొదలు.

జవాబు (ఐసెలిన్ నుంచి)

చాలా సంతోషం తమ్ముడూ. సెంట్రల్ పార్క్‌కి నెలాఖరు వారం అయితే ఆకులు రంగు తిరిగి ఉంటాయి, తేదీ మార్చే వీలుంటే చూడు. తనకి నడక బూట్లు ఈ వారమే కొని ఇంట్లో నాలుగు రోజులు వేసుకోమను. ఫెర్రీ డెక్ మీద అక్టోబర్ గాలి చెవుల్లోకి కొడుతుంది, స్కార్ఫూ ఒక జాకెట్టూ నీ సంచిలో పెట్టుకో.