అప్‌డేట్: ఓడ ప్రయాణం తర్వాత కార్డులో కనిపించిన రెండో మొత్తం సంగతి తేలింది

ముంబయి నుంచి గోవాకు ఓడలో వెళ్లి నల్లగొండ చేరాక, క్రెడిట్ కార్డులో 14,300 రూపాయల అసలు బిల్లు కాక మరో 20,000 పోయినట్లు కనిపిస్తోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

దిగే రోజున ఇచ్చిన బిల్లును బ్యాంకులో చూపమన్న సూచనే పనిచేసింది. ఆ 20,000 కోత కాదని, ఓడ ఎక్కేటప్పుడు గది తాళంగా ఇచ్చే కార్డుకు మన క్రెడిట్ కార్డును జతచేయగానే హామీగా పక్కన పెట్టిన మొత్తమని అక్కడి అధికారి వివరించారు. దిగిన తొమ్మిదో రోజున అది దానంతటదే విడుదలైంది.

బారులో మా గది నంబరు మీద ఇంకెవరో తాగి ఉంటారన్న అనుమానం నిలవలేదు. మా ఆవిడ చేతిసంచిలో దాచిన ఆరు చీటీలూ, గ్లాసు తడికి అక్షరాలు చెరిగిన ఒకదానితో సహా, బిల్లుతో సరిపోయాయి. వాటిలో నాలుగు ఆవిడ నిమ్మసోడాలవే. ప్రతి చీటీ అడుగునా సేవా రుసుము విడిగా కలిపి ఉంది. పెద్ద భోజనశాలలో తిన్నది టికెట్టులోనిదే కనుక, రెండోసారి అడిగిన పెరుగన్నానికి ఆవిడ పడిన బెంగ కూడా అనవసరమే. తొందరపడి కార్డును బ్లాక్ చేయించడం మాత్రం నా పొరపాటు.

డెబిట్ కార్డు జతచేసేవారికి ఆ హామీ విడుదలయ్యేదాకా ఖాతాలోని సొంత డబ్బే ఆగిపోతుందని కూడా ఆ అధికారి చెప్పారు.