పెద్ద కంపెనీలు కొట్లాడుకుంటే మనకేమొస్తది?

చెరువుగట్టు | శనివారం, రాత్రి 8:40

పొద్దున పద్మాక్షి గుట్ట కాడ వాకింగ్‌ల నాకు, మా దోస్తుకు గట్టిగనే అయింది. ఆయన మాటేందంటే, గూగుల్, మెటా (ఫేస్‌బుక్ కంపెనీ), అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, జియో ఒకల్నొకలు తొక్కాలని చూసినన్ని రోజులు మనకు సుఖమే. 2016 సెప్టెంబర్ల జియో రాకముందు ఒక జీబీకి 250 దాక పెట్టినం, ఇప్పుడు రోజుకే జీబీన్నర వాడుకుంటున్నం అంటడు. నేనేమో అది పోటీ కాదు, మనల్ని మరిగించుడు అన్న. మీరేమంటరు?

ఎనుమాముల మిర్చి | 8:52

నెట్ అగ్గువైనంకనే నేను మార్కెట్ రేట్లు పొద్దున్నే ఫోన్ల చూసుకుంటున్న. లాభమే.

చౌరస్తా కూలర్లు | 9:15

హనుమకొండ చౌరస్తా కాడ మాది కూలర్లు, ఫ్యాన్లు, మిక్సీల దుకాణం. మా బాపు పెట్టిండు. పోటీ అంటే ఏందో నాకు తెలుసు. మా సందుల ఇట్లాంటివే ఐదు దుకాణాలుండె. పక్కాయన కూలర్ మీద వంద తగ్గిస్తే నేను స్టాండు ఊకెనే ఇస్తుంటి. మాపటికి ఇద్దరం ఒక్కకాన్నే చాయ్ తాగేది. ఆయన కొన్న ధర నాకెరుక, నాది ఆయనకెరుక. ఎవ్వలం కూడా కొన్న ధరకు తక్కువ అమ్మకపోయేది. అమ్మితే ఇల్లెట్ల గడుస్తది?

గీ పెద్దోళ్లది గట్ల కాదు. ఏండ్లకేండ్లు నష్టం భరిస్తరు, పెట్టుబడి పెట్టేటోడు ఎక్కడ్నో కూసుండి పూడుస్తడు. 2018ల వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌ల 77 శాతం వాటా కొన్నది. ఆ పైసలు ఒక దిక్కు, నా ఉద్దెర పుస్తకం ఒక దిక్కు. దీన్ని పోటీ అంటె నేను ఒప్పుకోను.

పోయిన ఎండాకాలం ఒకామె మూడుసార్లు మా దుకాణానికొచ్చింది. మిక్సీని డబ్బాల నుంచి తీపిచ్చింది. జార్లు మార్చి మార్చి పెట్టిపిచ్చింది, నానపెట్టిన పప్పు ఇంటినుంచి తెచ్చి రుబ్బిచ్చి చూసింది. చివరికి మిక్సీని బోర్లేసి అడుగున ఉన్న స్టిక్కర్ ఫోటో తీసుకొని పోయింది. నెల తర్వాత గదే మోడల్ సంకల పెట్టుకొని వచ్చింది, కప్లర్ అరిగిందట. ఆన్‌లైన్ల కొన్నది. నేను కప్లర్ మార్చిచ్చిన. 40 రూపాయలు తీసుకున్న. ఆ రోజు నాకు అన్నం సయించలే.

నర్సంపేట బిడ్డ | 9:31

అన్నా, చూసి కొనకపోవుడు నేరమా? బట్టల బజార్ల పది చీరలు తీపిచ్చి ఒక్కటి గూడ కొనకుంట లేస్తం కదా. మీరు బోర్డు మీద ఎక్కడ రాసిన్రు, చూస్తే కొనాలెనని?

కాజీపేట జంక్షన్ | 9:48

అసలు ప్రశ్న పక్కకు పోతోంది. ఈ కంపెనీల మధ్య పోటీ ఉందా లేదా అన్నది కదా చర్చ. నేను ఆడిట్ ఆఫీసులో పని చేసి రిటైరయ్యాను, నాకు అంకెలు కావాలి. 2020 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ 43,574 కోట్లు పెట్టి జియో ప్లాట్‌ఫామ్స్‌లో 9.99 శాతం వాటా తీసుకుంది. అదే ఏడాది జూలైలో గూగుల్ 33,737 కోట్లతో 7.73 శాతం తీసుకుంది. ప్రకటనల వ్యాపారంలో ఫేస్‌బుక్, గూగుల్ బద్ధ ప్రత్యర్థులు. మన దేశానికి వచ్చేసరికి ఇద్దరూ ఒకే ఇంట్లో వాటాదారులు. చెరువుగట్టు గారి స్నేహితుడు దీనికి ఏం జవాబు చెబుతారు?

చెరువుగట్టు | 9:55

పదో వంతు జియో ఫేస్‌బుక్ చేతులనే ఉన్నదన్నట్టు. గిదే నేను మొత్తుకునేది.

కాజీపేట జంక్షన్ | 10:02

పదో వంతు కాదు, 9.99. పైగా చేతిలో ఉండటం వేరు, వాటా ఉండటం వేరు. ఆ వాటాతో కంపెనీని నడపలేరు. నేను చెప్పింది వాళ్ల ప్రయోజనాలు కలిశాయని, యాజమాన్యం కలిసిందని కాదు.

చెరువుగట్టు | 10:04

0.01 కోసం ఇంత లొల్లా సార్?

కాజీపేట జంక్షన్ | 10:11

అవును. తప్పు అంకెతో మొదలైన వాదన తప్పు చోటికే పోతుంది. ముప్పై ఏళ్లు ఇదే పని చేశాను.

కొత్తవాడ | 10:20

మా తివాచీలకు 2018ల జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు గీ ఊరిదే అని సర్కారిచ్చే గుర్తింపు, వచ్చింది. ఆన్‌లైన్ల వరంగల్ దర్రీ అని కొడితే పైన వచ్చేయన్ని మగ్గం మీద నేసినయి కావు. ఎవడు పైసలు కడితే వాడు పైకొస్తడు. కంపెనీలు నాలుగుంటేంది, పదుంటేంది, మాకైతే తేడా కనపడలే.

ఎనుమాముల మిర్చి | 10:26

నేను జర నా మాట మార్చుకుంటున్న. 2021 అక్టోబర్ 4 రాత్రి యాదికున్నదా? వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒక్కపారే బందైనయి, ఆరు గంటల దాక రాలే. నేను లారీ ఎక్కడిదాక వచ్చిందో లొకేషన్ కోసం వాట్సాప్ చూస్తున్న. అది బంద్. ఫేస్‌బుక్‌ల మెసేజ్ పెడుదామంటే అదీ బంద్. గప్పుడు సమజైంది, దుకాణాలు మూడు గాని షట్టర్ ఒక్కటే. ఇన్‌స్టాగ్రామ్‌ను 2012ల, వాట్సాప్‌ను 2014ల ఫేస్‌బుకే కొనుక్కున్నది కదా. పోటీకి వస్తరనుకున్నోళ్లను కొనుక్కుంటే ఇంక పోటీ ఏడున్నది?

నర్సంపేట బిడ్డ | 10:40

అందరూ ఒక్క దిక్కే మాట్లాడుతున్నరు కాబట్టి చెప్తున్న. నేను జూనియర్ కాలేజీల పాఠం చెప్త. మా పిల్లలు తండాల నుంచి వస్తరు. నెట్ అగ్గువ కాకపోతే ఎంసెట్ కోచింగ్ వీడియోలు ఎట్ల చూసేటోళ్లు? పుస్తకం కావాలంటే హనుమకొండ బస్సెక్కి రావాలె, అక్కడ లేదంటే హైదరాబాద్. ఇప్పుడు తండ గేటు కాడికే వస్తుంది. రెండు కంపెనీలు పందెం పడ్డయి కాబట్టే మా పిన్‌కోడ్‌కు డెలివరీ ఇచ్చిన్రు. ఒక్కటే ఉంటే ఇచ్చేదా? యూపీఐ గూడ గంతే, చిల్లర లేదని చాక్లెట్ చేతుల పెట్టుడు బందైంది.

కాజీపేట జంక్షన్ | 10:52

యూపీఐని కంపెనీల ఖాతాలో వేయకండమ్మా. అది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2016లో తెచ్చింది. దాని మీద నడిచే యాప్‌లలో ఫోన్‌పే, గూగుల్ పే రెండే దాదాపు ఎనభై శాతం లావాదేవీలు పట్టుకున్నాయి. ఒక్క యాప్‌కు 30 శాతం మించకూడదని 2020 నవంబర్‌లోనే నిబంధన పెట్టారు. గడువు రెండుసార్లు పొడిగించి 2026 చివరికి తెచ్చారు. ఫోన్‌పే కూడా వాల్‌మార్ట్‌దే. మీరు పోటీ అంటున్నది ఇద్దరి ఆట.

చౌరస్తా కూలర్లు | 11:05

సార్ మంచిగ చెప్పిన్రు. అక్కా, మీ పిన్‌కోడ్‌కు డెలివరీ వచ్చుడు మంచిదే, నేను కాదంటలేను. కాని మా సందుల ఐదు దుకాణాలల్ల ఇప్పుడు రెండే మిగిలినయి. ఆ మూడు దుకాణాలల్ల పని చేసిన పిలగాండ్లు గిప్పుడు వీపుకు బ్యాగు తగిలిచ్చుకొని మీకు డబ్బాలు తెచ్చిస్తున్నరు. ఒకడు మా దగ్గర ఆరేండ్లు చేసిండు. వైండింగ్ వచ్చు వానికి, కాలిన మోటార్ వాసన చూసి ఏ కాయిల్ పోయిందో చెప్పేటోడు. ఇయ్యాల వాని పని అడ్రస్ దేవులాడుడు.

అయినా మీరు లెక్చరర్. పుస్తకం చదివినోళ్లే పక్క దుకాణాన్ని ఆదుకోకపోతే ఎవలు ఆదుకుంటరు? మేము ఉద్దెర ఇచ్చి నిలబెట్టిన ఊరు ఇది. పెండ్లికి కూలర్ కావాలంటే పైసలు అడగకుంట పంపినం. పంట వచ్చినంక కట్టేటోళ్లు. యాప్ ఇస్తదా గట్ల? సిబిల్ స్కోర్ అడుగుతది.

నర్సంపేట బిడ్డ | 11:22

ఇప్పటిదాక మర్యాదగా మాట్లాడిన. ఇప్పుడు అసలు మాట చెప్త.

ఉద్దెర ఎవలకు ఇచ్చిన్రన్నా? ముఖం తెలిసినోళ్లకు. మా బాపు ముఖం మీ చౌరస్తల ఎవలకు తెలుసు?

2011 ఎండకాలం. నేను ఇంటర్ పరీక్షలు రాసిన. టేబుల్ ఫ్యాన్ కొనిస్తనని బాపు నన్ను తీస్కొని హనుమకొండ వచ్చిండు. మక్కలు అమ్మిన పైసలు రుమాలుల కట్టుకున్నడు. దుకాణం ముంగట చెప్పులు విడిచి లోపలికి పోయిండు, గుడిలకు పోయినట్టు. కౌంటర్ కాడ కూసున్నాయన తల లేపకుంటనే "పైసలున్నయా" అన్నడు. ఇంకా ఏ ఫ్యానో గూడ అడగలే. మా వెనుక స్కూటర్ మీద వచ్చినాయనకు కుర్చీ ఏసిన్రు, నీళ్లిచ్చిన్రు, మూడు ఫ్యాన్లు తిప్పి చూపిచ్చిన్రు. మేము నిలబడ్డం. మాకు డబ్బా విప్పలే. "విప్పితే మళ్ల ప్యాక్ చేసుడు ఎవడు చేస్తడు" అన్నడు. బాపు అన్ని పైసలు లెక్కపెట్టి ఇచ్చి, ఒక్క మాట బేరమాడకుంట డబ్బా నెత్తిమీద పెట్టుకున్నడు. బస్సుల నాతోని ఏం మాట్లాడలే.

నాకు జీతం వచ్చినంక మొదటి ఫ్రిజ్ ఫోన్ల కొన్న. ఆ ఫోన్ నన్ను ఏ తండ అని అడగలే. స్కూటర్ మీద వచ్చినాయనకు ఎంత ధరో నాకూ గంతే ధర చూపిచ్చింది. మీరు దాన్ని దోపిడీ అంటున్నరు. కావచ్చు. నాకు మాత్రం అది ఎవల ముంగటా చెప్పులు విడవకుంట కొన్న మొదటి వస్తువు.

ఎనుమాముల మిర్చి | 11:25

అక్కా…

చెరువుగట్టు | 11:34

నేను ఈ చర్చ మొదలుపెట్టింది డేటా రేట్ల గురించి. ఇప్పుడు ఏమనాలో తెలుస్తలేదు.

కాజీపేట జంక్షన్ | 11:47

అమ్మా, మీరు చెప్పిన అవమానానికి అంకె లేదు, దాని మీద నేను వాదించను. కానీ అందరికీ ఒకే ధర అన్న మాట దగ్గర ఆగుతున్నాను. మనకు కనపడేది వాళ్లు మన ముందు పెట్టిందే. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ తన యాప్‌లను ముందే ఎక్కించి అమ్మించినందుకు, వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూసే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో 1,337.76 కోట్ల జరిమానా వేసింది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ కొందరు అమ్మకందార్లకే పెద్దపీట వేస్తున్నాయన్న ఫిర్యాదు మీద అదే కమిషన్ 2020 జనవరిలో విచారణకు ఆదేశించింది. అంటే స్కూటర్ మీద వచ్చినాయన అక్కడ కూడా ఉన్నాడు. అక్కడ కుర్చీ వేసేది అమ్మేవాడికి, అందుకే మీకు కనపడడు. కొత్తవాడ ఆయన ఇందాక చెప్పింది ఇదే.

నర్సంపేట బిడ్డ | 11:58

ఒప్పుకుంటున్న సార్. కొత్తవాడ అన్న మాట నేను పట్టించుకోలే. కాని సార్, ఆ కమిషన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. కోట్ల జరిమానా పడ్డది అని మీరే చెప్తున్నరు. మా బాపు ఫిర్యాదు ఎక్కడ పెట్టాలె? కంపెనీలు రెండే ఉన్నా నాకు రెండు తలుపులు ఉన్నట్టు. అప్పుడు మాకు ఒక్కటే తలుపు ఉండె, దాని ముంగట గూడ నిలబెట్టిన్రు.

చౌరస్తా కూలర్లు | 12:20

అక్కా, గంట నుంచి రాసుకుంట తుడుసుకుంట ఉన్న.

అది ఏ దుకాణం? మాదా? పేరు ఇక్కడ రాయకపోయినా సరే, నాకు ఒక్కనికి మెసేజ్ పెట్టు.

నర్సంపేట బిడ్డ | 12:26

వద్దన్నా. అయిపోయింది. బాపు గూడ లేడు ఇప్పుడు. ఫ్యాన్ ఇంకా తిరుగుతుంది.

చౌరస్తా కూలర్లు | 12:41

2011 ఎండకాలం మా బాపు మంచంల ఉండె. గల్లపెట్టె కాడ నేనే కూసున్న. ఆ సీజన్ల రోజుకు ఇరవై ముప్పై ఫ్యాన్లు పోయేటియి. డబ్బా విప్పుడు, మళ్ల కట్టుడు నాకు చిరాకే ఉండె. పైసలున్నయా అని నేను గూడ మస్తు మందిని అడిగిన.

స్టిక్కర్ ఫోటో తీసుకున్నామె చీర రంగు సుత నాకు యాదికున్నది. రుమాలుల పైసలు కట్టుకొచ్చిన మనిషిని, ఎనుక నిలబడ్డ ఆడపిల్లను ఇందాకటి నుంచి యాది చేసుకుందామని చూస్తున్న. ఎవ్వలూ యాదికి వస్తలేరు.