మర్కెంటిలిజం, రక్షణవాదం: పత్తి మీది 11 శాతాన్ని ఏ ఖాతాలో రాయాలె?

దేవరకొండ అభ్యర్థి:
గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్న. మర్కెంటిలిజం అంటే బంగారం కూడబెట్టుడు, రక్షణవాదం అంటే దిగుమతి సుంకం వేసుడు అని నోట్స్‌ల ఉంది. 2021 బడ్జెట్‌ల పత్తి మీద వేసిన సుంకాన్ని ఉదాహరణ రాయొచ్చా? ఒకచోట 5 శాతం, ఇంకోచోట 10, పేపర్ల 11 అని చూసిన. ఏది కరెక్ట్? మన దిక్కు రైతుకు దాంతోని ఫాయిదా ఉందా?

జిన్నింగ్ లెక్కలు:
11 రాయి తమ్మీ. సరుకు విలువ 100 అనుకో. బేసిక్ కస్టమ్స్ సుంకం 5, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 5, ఈ పది మీద సంక్షేమ సర్‌చార్జి పదో వంతు, అంటే 1. ఆ సర్‌చార్జిని సరుకు విలువ మీదనే వేసి 20 తెస్తరు కొందరు, అక్కడ పోతయ్ మార్కులు. ఐజీఎస్టీని (దిగుమతి మీద పడే జీఎస్టీ) దీంట్ల కలపకు, అది మిల్లుకు ఇన్‌పుట్ క్రెడిట్ కింద తిరిగొస్తది. 32 మిల్లీమీటర్లు దాటిన పింజకు (పత్తి పోగు పొడుగు) 2024 ఫిబ్రవరి నుంచి సుంకం లేదు.

రైతు సంగతంటవా, 2025ల ఆగస్టు 19 నుంచి సుంకం ఎత్తేసిన్రు. ముందు సెప్టెంబర్ 30 దాకనే అన్నరు, తర్వాత డిసెంబర్ 31కి జరిపిన్రు. నల్లగొండ, మునుగోడు దిక్కు పత్తి మార్కెట్‌కు వచ్చేదే అక్టోబర్ నుంచి. పంట అమ్ముకునే నెలల్లనే సుంకం లేకపాయె. ఇగ మిగిలింది మద్దతు ధర. 2025-26ల పొడుగు పింజకు క్వింటాల్ 8,110 ఉండె, అది కూడా తేమ 8 శాతం ఉంటేనే. 10 ఉంటే 7,947.80 వచ్చేది. 12 దాటితే సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ) కొనదు.

పాత దస్తావేజు:
ఆ నోట్స్ నిర్వచనం పక్కన పెట్టండి. బంగారం, వెండి దేశం దాటొద్దన్నది తొలినాళ్ల వాదన. ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్ థామస్ మన్ దాన్నే ఖండించాడు: వెండి ఇచ్చి ఇండియాలో సరుకు కొని యూరప్‌లో తిరిగి అమ్మితే అంతకంటే ఎక్కువ వెండి వస్తుంది కదా అని. చూడాల్సింది మొత్తం వ్యాపారంలో మిగులు. అందుకు వాడిన పనిముట్లలో సుంకం ఒకటి మాత్రమే. నిషేధాలు, గుత్తాధిపత్యాలు, సరుకు మా ఓడల్లోనే రావాలనే 1651 నౌకాయాన చట్టం కూడా అందులోవే.

జవాబులో తప్పక రాయాల్సింది కాలికో చట్టాలు. 1700లో ఇంగ్లండ్ మన అద్దకపు బట్టల దిగుమతిని ఆపింది కానీ తెల్లబట్టను రానిచ్చింది. దాంతో అద్దకం పని లండన్‌కు మారింది. ఉన్ని, పట్టు నేతగాళ్ల గోల తగ్గలేదు. 1721లో అద్దకపు నూలుబట్ట కట్టుకోవడాన్నే నిషేధించారు. నార, నూలు కలిపిన బట్టకు 1736లో మినహాయింపు దొరికింది, ఇంగ్లండ్ నూలు పరిశ్రమ ఆ సందులోనే పెరిగింది. 1774లో అక్కడ నేసిన అచ్చమైన నూలుబట్ట మీద నిషేధం పోయింది. ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా నిషేధించి చూసింది, దొంగరవాణా మాత్రం ఆగలేదు.

సుంకం ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు. 1896లో ఇండియాకు వచ్చే బట్ట మీద 3.5 శాతం సుంకం వేసి, ఇక్కడి మిల్లు బట్ట మీద అంతే ఎక్సైజ్ (తయారీ పన్ను) వేశారు, ఇంగ్లండ్‌లో బట్టల మిల్లులున్న లాంకషైర్‌కు నొప్పి కలగకుండా. మన నిజాం రాజ్యంలో కరోడ్‌గిరి (సరుకుల మీది సుంకం) కూడా ముఖ్యంగా ఖజానా నింపడానికే.

దేవరకొండ అభ్యర్థి:
అయితే పత్తి సుంకం మర్కెంటిలిజం కాదన్నట్టేనా?

పోచంపల్లి నూలు:
ఆ కాలపు పద్ధతికి అది తలకిందులు. వాళ్లు ముడిసరుకును చౌకగా రానిచ్చి, తయారైన సరుకును ఆపేవాళ్లు. ఊహకు ఒక లెక్క: బట్ట ప్రపంచ ధర 100, అందులో ముడిసరుకు 60, నేతకు మిగిలేది 40. బట్ట మీద మాత్రమే 10 శాతం సుంకం ఉంటే మిగిలేది 50, అంటే నేతకు అసలు రక్షణ 25 శాతం. ముడిసరుకు మీద కూడా 11 శాతం పడితే ఖర్చు 66.60 అయి, మిగిలేది 43.40. రక్షణ 8.5 శాతానికి పడిపోతుంది. బట్ట మీద సుంకమే లేకపోతే మిగిలేది 33.40, ఇది నేత మీద పన్ను వేసినట్టే. రైతు వైపు, నేత వైపు రెండూ రాయండి.

పుట్టపాక, పోచంపల్లి ఇక్కత్‌కు పోటీ ఓడరేవు నుంచే రానక్కర్లేదు. దేశంలోనే మరమగ్గం బట్ట మీద ఇక్కత్ డిజైన్ అచ్చు వేస్తున్నారు. ఏ దిగుమతి సుంకమూ దాన్ని తాకదు. 11 రకాలను చేనేతకే వదిలిన 1985 చట్టం, మిల్లులు నూలులో కొంత చిలపల్లోనే (చేనేతకు పనికొచ్చే నూలు చుట్టల్లో) కట్టాలన్న నిబంధన ఇలాంటి చోటే పనికొస్తాయి. దేశంలోపలి పోటీ నుంచి కాపాడే, సుంకం కాని సాధనాలకు ఈ రెండూ ఉదాహరణలుగా రాయొచ్చు.