అమ్మా నాయనతో యార్క్‌కి ఒక్క రోజు, ఏమేం చూపించాలి?

తిరుపతి పిల్ల:
నమస్తే అందరికీ, మాది తిరుపతి, ఇప్పుడు ఇంగ్లాండ్‌లో, లీడ్స్‌లో జాబ్ చేస్తా ఉండా. జూన్‌లో అమ్మా నాయనా వస్తా ఉండారు, యార్క్ ఇక్కడికి రైల్లో అరగంటే కదా ఒక రోజు తీసకపోదామని. నాయన రేణిగుంటలో రైల్వేలో చేసి రిటైర్ అయినాడు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ప్యూర్ వెజ్, కానీ ఆ పెద్ద చర్చి మాత్రం చూడాలంటోంది. ఎట్ల పోతే బాగుంటాది?

చిత్తూరు మాస్టారు:
అమ్మా, మేం మా అబ్బాయి దగ్గరికి పోయినప్పుడు చూసినాం. ముందు రైల్వే మ్యూజియం పెట్టుకోండి, స్టేషన్ వెనకాలే, టికెట్ లేదు. మ్యాలర్డ్ అని నీలం రంగు స్టీమ్ ఇంజన్ ఉండాది, 1938లో గంటకి 126 మైళ్ళు పోయింది, స్టీమ్ ఇంజన్లలో ఆ రికార్డు ఇప్పటికీ దానిదే. దాని పెద్ద చక్రం 6 అడుగుల 8 అంగుళాలు, పక్కన నిలబడితే నా తల దాటిపోయింది. జపాన్ బుల్లెట్ రైలు పెట్టె కూడా ఉండాది. మీ నాయనకి రెండు గంటలైనా ఇయ్యండి, తొందర పెట్టొద్దు.

యార్క్‌లో చదివినోడు:
అక్కా, మీ అమ్మ చూడాలన్న ఆ పెద్ద చర్చినే మిన్‌స్టర్ అంటారు, దానికి టికెట్ ఉంది, అయినా కొనండి. తూర్పు వైపు గాజు కిటికీ టెన్నిస్ కోర్టంత ఉంటాది, జాన్ థార్న్‌టన్ అనే ఆయన 1405లో మొదలుపెట్టి మూడేళ్ళలో పూర్తి చేసినాడు. అమ్మని దాని ముందర కూర్చోబెట్టి నిదానంగా చూడనియ్యండి. టవర్ మాత్రం వద్దే వద్దు, 275 మెట్లు, అలిపిరి మెట్ల మాదిరి వెడల్పు కాదు, ఇరుగ్గా గుండ్రంగా తిరుగుతా పోతాయి. సాయంత్రం ఈవెన్‌సాంగ్ అని పాటల ప్రార్థన ఉంటాది, దానికి టికెట్ లేదు కానీ అప్పుడు చుట్టూ తిరగనియ్యరు, ఆ రోజు ఎన్ని గంటలకో ముందే చూసుకోండి. కోట గోడ మీద నడక కూడా ఫ్రీ, మొత్తం వద్దు, స్టేషన్ దగ్గర కొంచెం ఎక్కితే చాలు, మిన్‌స్టర్ నిండుగా కనపడతాది. ఇంకోటి, ఆ ఊర్లో గేట్ అంటే వీధి, ఊరి గుమ్మాన్ని బార్ అంటారు, దారి అడిగేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

పీలేరు కోడలు:
తిండి సంగతి నేను చెప్తా. ఆ పక్క చాలా షాపుల్లో చిప్స్ (మన ఫ్రెంచ్ ఫ్రైస్ మాదిరివి) గూడా ఎద్దు కొవ్వులో వేయిస్తారు, మా అత్తకి ఒక షాపులో కొనిచ్చినాక తెలిసింది, పాపం ఆ రోజంతా ఏమీ తినలేదు, నాకిప్పటికీ బాధే. ఏ నూనెలో వేయించినారని అడిగే కొనండి, లేదంటే పులిహోర కట్టుకోని పోండి. షాంబుల్స్ వీధి తప్పకుండా చూపించండి, ముందు కసాయి అంగళ్ళ వీధి, మాంసం తగిలించే కొక్కీలు కిటికీల పైన ఇంకా ఉండాయి, మిద్దెలు ముందుకి వంగి ఎదురింటిని తాకేటట్టు ఉంటాయి.

తిరుపతి పిల్ల:
చాలా థాంక్స్ అందరికీ. ఫోన్‌లో నాయనకి చెప్తే చక్రం ఎన్ని అడుగులని రెండుసార్లు అడిగినాడు. ప్రార్థనకి అమ్మ చీరలో వస్తాది, చలి ఉంటాదా లోపల?

యార్క్‌లో చదివినోడు:
చీరకేం అక్కా, ఎవురూ ఏమనరు. అంతా రాతి కట్టడం, జూన్‌లో గూడా చల్లగానే ఉంటాది, స్వెటర్ బ్యాగ్‌లో పెట్టుకోండి.