ఇంటర్ ఎంపీసీ నుంచి నేరుగా అమెరికా యూజీకి వెళ్లినవాళ్లు ఉన్నారా?

హన్మకొండ_అమ్మ:
మా పాప ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. కాలేజీలో జేఈఈ బ్యాచ్, మనసంతా అమెరికాలోని ఎంఐటీ మీద. కన్సల్టెన్సీకి వెళ్తే ఎంఎస్ సంగతే చెప్తున్నారు. యూజీ అనగానే "ఎంత పెట్టగలరు మేడమ్?" అని మొదలుపెడుతున్నారు. మా ఇద్దరివీ గవర్నమెంటు జీతాలే. ఇంటర్ చదివి వెళ్లినవాళ్లు చెప్తారా?

చార్లెస్_నది:
నేను అలాగే వచ్చానండీ. ముందు డబ్బు సంగతి చెప్తాను, మన ఇళ్లలో మాట అక్కడే తెగిపోతుంది కాబట్టి. ఎంఐటీ, హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్ లాంటి కొన్ని చోట్ల విదేశీ పిల్లలు ఫీజు సాయం అడిగినా ఆ సంగతి సీటు నిర్ణయంలోకి రాదు. దీన్నే నీడ్ బ్లైండ్ అంటారు. సీటు వచ్చాక మీ ఆదాయం, ఆస్తులు చూసి మీరెంత కట్టగలరో లెక్కేస్తారు, మిగతాది చాలావరకు గ్రాంటే, అంటే తిరిగి కట్టక్కర్లేదు. స్టాన్‌ఫర్డ్‌లో అలా కాదు. విదేశీ పిల్లలు సాయం అడిగారా లేదా అన్నది అక్కడ లెక్కలోకి వస్తుంది. ఇంకోటి, ఎంఐటీలోగానీ ఐవీ లీగ్‌లోగానీ (హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్ ఉన్న గుంపు) మెరిట్ స్కాలర్‌షిప్ అనేదే లేదు. స్టేట్ ఫస్టొచ్చినా ఫీజు తగ్గదు.

సాయం అడగాలంటే సీఎస్ఎస్ ప్రొఫైల్ అని ఇంటి ఆదాయం, ఆస్తులు చూపించే ఆన్‌లైన్ ఫారం నింపాలి. ఫారం 16, ఐటీ రిటర్న్స్ ఇప్పటినుంచే ఒకచోట పెట్టుకోండి. ఊళ్లో పొలం ఉంటే అదీ చూపించాలి.

ర్యాంకు_రాజా:
ఇంత తలనొప్పి దేనికి? అడ్వాన్స్‌డ్ రాసి ఐఐటీ బాంబేకి పోతే సరిపోదా?

చార్లెస్_నది:
సరిపోతుంది బ్రదర్, నేనూ మెయిన్స్ రాశాను. ఎంఐటీలో విదేశీ పిల్లలకి వందలో ఇద్దరికి సీటు రావడమే కష్టం, అందుకని జేఈఈ మానేయమని ఎవరికీ చెప్పను. చిక్కల్లా తేదీలతోనే. ఎర్లీకి, అంటే ముందుగా పెట్టే అప్లికేషన్లకి, నవంబరు 1, మామూలు అప్లికేషన్లకి జనవరి మొదటి వారం, అదే జనవరిలో మెయిన్స్ మొదటి సెషన్. సెకండియర్‌లో అప్లికేషన్‌కి కావాల్సిన వ్యాసాలు రాసే తీరిక ఎక్కడిది? శాట్ (అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష), వ్యాసాల చిత్తుప్రతులు ఫస్టియర్ సెలవుల్లోనే తేల్చేయాలి. ఎంఐటీకి, హార్వర్డ్‌కి శాటో, అలాంటిదే ఇంకో పరీక్ష ఏసీటీనో తప్పనిసరి. మ్యాథ్స్ మన పిల్లలకి మంచినీళ్లే, రీడింగ్ దగ్గరే మార్కులు పోతాయి.

కూకట్‌పల్లి_ఫిజిక్స్:
జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. అసలు అడ్డంకి సిఫారసు ఉత్తరాలమ్మా. ఎంఐటీ రెండు అడుగుతుంది: ఒకటి మ్యాథ్స్ లేదా సైన్స్ టీచరు నుంచి, ఇంకోటి హ్యుమానిటీస్, సోషల్ లేదా భాష చెప్పేవాళ్ల నుంచి. మా దగ్గర సెక్షన్లు కిక్కిరిసి ఉంటాయి, సంస్కృతం క్లాసంటే మార్కుల కోసం బట్టీ. ఆ మేడమ్‌కి మీ పాప పేరైనా తెలుసా? "క్రమశిక్షణ గల విద్యార్థిని, శ్రద్ధగా చదువును" అని నేనే బోలెడు సంతకాలు పెట్టాను, వాటివల్ల ఎవరికీ పైసా ఉపయోగం లేదు. ఒక పిల్లాడు మాత్రం రొటేషన్ లెక్కలో నా పద్ధతి తప్పని వారంపాటు వాదించాడు, చివరికి వాడిదే రైటు. అది రాశాను. అలాంటిది ఏదైనా జరిగితే తప్ప మా దగ్గర రాయడానికి ఏముంటుంది?

అందుకే ఇప్పటినుంచే పాపని క్లాసు అయ్యాక ఆగి డౌట్లు అడగమనండి. పిల్లల అప్లికేషన్లు చూసే స్కూల్ కౌన్సిలర్ అనే ఉద్యోగం మా కాలేజీల్లో ఉండదు, కౌన్సిలర్ నింపాల్సిన ఫారాలు ప్రిన్సిపాల్ నింపాలి. సెకండియర్‌లో ఆయన్ని పట్టుకోవడం అంత తేలిక కాదు.

ఫ్రిస్కో_బాబాయ్:
అమెరికాలో ఉన్న పిల్లలకి తేలికనుకోకండి. టెక్సస్‌లో యూటీ ఆస్టిన్ ఆటోమేటిక్ సీటు 2026 నుంచి బడిలో పై 5 శాతానికే, అంతకుముందు 6. మా బళ్లో ఆ అయిదు శాతంలో సగం పేర్లు మనవే. అంత చేసీ యూనివర్సిటీలోకి రానిస్తారు గానీ, కంప్యూటర్ సైన్స్ ఇస్తామని హామీ ఇవ్వరు.

హన్మకొండ_అమ్మ:
చదువు కాక చూపించాల్సిన యాక్టివిటీస్ మాటేమిటి? ఒక కన్సల్టెన్సీ డబ్బు కడితే రీసెర్చ్ పేపర్ అచ్చేయిస్తామంటోంది.

చార్లెస్_నది:
వద్దండీ బాబూ. ఆ డబ్బుతో పాపకి మంచి ల్యాప్‌టాప్ కొనండి. చాలా కాలేజీలకి ఒకే ఫారంతో అప్లై చేసే కామన్ యాప్‌లో పది యాక్టివిటీలు రాయొచ్చు, ఒక్కోదానికి 150 అక్షరాలే. ఎంఐటీ ఆ యాప్‌లో లేదు, సొంత ఫారంలో నాలుగే అడుగుతుంది. నాలుగు నిజమైనవి చాలు. నేను తమ్ముడి బడిలో ఆదివారాలు లెక్కలు చెప్పింది రాశాను, ఇంటర్వ్యూలో దాని గురించే ఎక్కువసేపు మాట్లాడించారు. ఇంట్లో అమ్మమ్మని చూసుకున్నా, షాపులో కూర్చున్నా రాయొచ్చు. మనవాళ్లు అవి చెప్పుకోవడానికి సిగ్గుపడతారు.

కూకట్‌పల్లి_ఫిజిక్స్:
ఒకటి మర్చిపోయారు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ల మార్కులు కావాలి. మనకి తొమ్మిది, పది ఒక బడిలో, ఇంటర్ వేరే కాలేజీలో. పదికి బోర్డు మెమో ఉంటుంది, తొమ్మిదికి బడి ఇచ్చే కాగితమే దిక్కు. ఈ వేసవిలోనే ఆ బడికి వెళ్లి హెడ్మాస్టరు సంతకం, స్టాంపుతో తీసుకోండి. ప్రైవేటు బళ్లు చేతులు మారుతుంటాయి, తర్వాత వెళ్తే పాత రిజిస్టర్లు ఎవరి దగ్గరున్నాయో చెప్పేవాళ్లు ఉండరు.

హన్మకొండ_అమ్మ:
తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు ఇంట్లో ఉంది సార్, స్టాంపు లేదు. సోమవారం బడికి వెళ్తాను.